చిన్నతరహా ఫలసాయము, చిన్నచూపు

ఒక మాట పుట్టి, కాగితముల కెక్కి, కచేరీలలో తరతరములు మసలినచో, అది సత్యమేయని లోకము నమ్మును. అట్టి మాటలలో నొకటి ‘చిన్నతరహా అటవీ ఫలసాయము’. కలపయు దుంగలును పెద్దవట. ఆకు, పూవు, కాయ, గడ్డ, బంక, తేనె, వేరు, బెరడు చిన్నవట. ఈ విభాగమును చేసిన వారెవరు? ఎవరి లెక్కను బట్టి చేసిరి? ఎవరి కడుపును కొలిచి వీనిని చిన్నవనిరి? ఈ ప్రశ్నలను అడుగకయే మన మా మాటను పలుకుచున్నాము. పలికి పలికి, ఆ వస్తువులనే కాక వానిని మోసి తెచ్చు మనుష్యులను గూడ చిన్నవారినిగా నెంచుట కలవాటు పడితిమి. ఈ చిన్నచూపు పోనంతవరకు ఎన్ని శాసనములు పుట్టినను అడవిబిడ్డకు న్యాయము కలుగదని నిరూపించుటయే యీ వ్యాసమున నా పని.

మొదట ఆ మాట పుట్టుకను చూతము. ఆంగ్లేయ ప్రభుత్వము 1864లో మన దేశమున అటవీశాఖను నెలకొల్పినప్పుడు దానికి ముఖ్యముగా కావలసినది రైలుపట్టాల క్రింద పరచుటకు దుంగలు, కట్టడములకు టేకు. ఖజానాకు దేనివలన రాబడి హెచ్చో అది పెద్దది, తక్కినది చిన్నది. నైజాము రాజ్యము ఆ శాసనములకు లోబడినది కాకపోయినను, అడవిని కలపకొట్టుగా చూచు చూపును మాత్రము అరువు తెచ్చుకొన్నది. ఆసిఫాబాదు ప్రాంతమున కొమురం భీము 1940లో ప్రాణములొడ్డి పోరాడినది ఆ చూపుతోనే. దొరలు పోయిరి, నైజాము పోయెను. పద్దుపుస్తకమునందలి ఆ శీర్షిక మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది.

కేతేపల్లి పరిసరములను చూచినవారు దీనిని అడవిసీమ యనరు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు రహదారి యిటుగా సాగును. సోలిపేట కడ మూసీకి ఆనకట్ట కలదు. వరిమళ్లు, పత్తిచేలు, వాని నడుమ బండరాతి గుట్టలు, తాటిచెట్లు కనబడును. అడవి యన పులి తిరుగు చోటని మాత్రమే యెంచువారికి ఇచ్చట చెప్పుకొనదగిన దేమియు లేదు. కాని గుట్టలమీద సీతాఫలము, బీళ్లలో తంగేడు, వాగుల వెంబడి ఈత, కానుగ, చెలకగట్లమీద మోదుగ, రేగు, తుమ్మ, వేప కలవు. వీనిలో పెక్కింటిని నాటినవాడు లేడు, వానికి నీరు పోసినవాడు లేడు. అయినను ఏడాది పొడుగున పేదయింటి కేదో యొకటి యిచ్చుచునే యుండును. మోదుగాకు విస్తరి యగును. ఈతాకు చాపయు చీపురును అగును. వేపగింజయు కానుగగింజయు అంగడికి పోయి ఉప్పుపప్పులుగా మరలివచ్చును.

ఇచ్చటినుండి నైరృతిగా పోయి దేవరకొండ దాటినచో నల్లమల యెదురగును. నల్లగొండ, నాగర్‌కర్నూలు జిల్లాలలో వ్యాపించిన అమ్రాబాదు పులుల అభయారణ్యము 2,600 చదరపు కిలోమీటర్లకు మించినది. అందు చెంచులు పెంటలు కట్టుకొని నివసించుచున్నారు. హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940లో వారి నడుమ నివసించి, 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అడవిగడ్డలు, పండ్లు, ఇప్పపూవు వారి భోజనమునకు ఎంత ముఖ్యములో ఆ గ్రంథమువలన లోకమునకు తెలిసినది. ఇప్పపూవును ఎండబెట్టి నిలువచేసికొందురు. పిండిలో కలిపి తిందురు. దానితో సారాయియు కాచుదురు. మనవారికి ఈ కడపటిది మాత్రమే జ్ఞాపకముండును! తపసిచెట్టు బంకను చెంచులు ఏరి తెచ్చి యమ్ముదురు. అది సముద్రములు దాటి పోయి మందులలోను తినుబండారములలోను చేరును. కట్టుడుపండ్లు చిగుళ్లను అంటిపెట్టుకొని యుండుటకును అదియే ఆధారము. పరదేశమున నొక వృద్ధుడు సుఖముగా నమలుచున్నాడన్నచో, అందు నల్లమల చెంచుల చెమటయు కొంత యుండవచ్చును. ఇది చిన్నతరహా సరకట!

తునికాకును తీసికొందము. చైత్ర వైశాఖములలో, పంటలు ఇల్లు చేరి, తొలకరి యింకను పడక, వ్యవసాయకూలి దొరకని దినములలో, ఆ యాకు కోతకు వచ్చును. తెల్లవారకమున్నే స్త్రీలు అడవికి పోయి, ఆకు కోసి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరి, ఇంటిల్లిపాదియు కూర్చుండి ఏబదేసి ఆకులను కట్టగా కట్టి, సాయంకాలము కల్లమునకు కొనిపోయి లెక్క యొప్పగింతురు. ఆ రొక్కముతోనే వానకాలపు విత్తనములును, బిడ్డల బడిపుస్తకములును, పాత యప్పులపై వడ్డీయును. ఆ యింటి పద్దులో ఇది పెద్దది. కలపయే చిన్నది, లేదా శూన్యము. కలప కొట్టినచో చెట్టొక్కసారి మాత్రమే యిచ్చును. ఆకు, పూవు, కాయ ఏటేట నిచ్చును. అసలు ముట్టకుండ వడ్డీ తినుటను మనము వివేక మందుము. అడవి విషయమున మాత్రము అసలును హరించువానిని పెద్దవాడనియు, వడ్డీతో తృప్తి చెందువానిని చిన్నవాడనియు అనుచున్నాము.

ఇక మన యిండ్లలోనికి వత్తము. బతుకమ్మ పండుగ దినములలో తంగేడు పూవులేని పళ్లెము లేదు. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్రపుష్పముగా ప్రకటించిరి, అందరము సంతోషించితిమి. ఆ చెట్టు బెరడుతోనే మాదిగ సోదరులు తరతరములుగా తోళ్లను పదును చేసి, మోటబావికి బొక్కెనయు, రైతు కాలికి చెప్పును కుట్టి యిచ్చిరి. పూవును తలమీది కెత్తుకొన్న యింటివారే బెరడును వాడిన చేతిని గడప యవతల నిలిపిరి. ఒకే చెట్టునందు పూవునకు పూజయు, బెరడునకు మైలయు ఎట్లు కలిగెను? చెట్టునందు ఆ భేదము లేదు. అది మనము పెట్టినది. అడవిచెట్టునెడల మనము చూపు ప్రేమ ఎంతవరకు నిజమో ఈ యొక్క సంగతిచేతనే తెలియగలదు.

సీతాఫలమును చూడుడు. అమెరికా ఖండమునుండి వచ్చిన ఈ చెట్టు మన గుట్టలను పుట్టినిల్లుగా చేసికొన్నది. పాలమూరు జిల్లా బాలానగరము పేరుతో దాని యొక రకము దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ఆశ్వయుజమున స్త్రీలు గుట్టలెక్కి, ముళ్లును పాములును లెక్కచేయక, కన్ను విచ్చిన కాయలను ఏరి, తట్టలలో మోసి రహదారి ప్రక్కన కూర్చుందురు. కారులో వచ్చిన పెద్దమనిషి దిగి, తట్టెడు కాయలకు సగము ధరకు బేరమాడి, గెలిచితినని సంతోషించి పోవును. ఆ పండు గుజ్జే పట్టణమున చల్లని గిన్నెలో పెట్టి యిచ్చినప్పుడు అడిగినంత ఇచ్చి, మాటాడక వచ్చును. బేరము పేదవానితోనే చేయవలెనని మనకు ఏ శాస్త్రము నేర్పినది?

భోజనవిషయము ఇంతకంటె విచిత్రము. తొలకరి పడగానే చేలలోను గట్లమీదను గంగవాయిలి, పొన్నగంటి, తుమ్మి, గునుగు, తెల్ల గలిజేరు తమంతట మొలచును. కలుపుతీయు కూలిస్త్రీ వానిని ఒడిలో వేసికొని ఇంటికి కొనిపోయి, పప్పులోనో పులుసులోనో వండి, బిడ్డలకు పెట్టును. వినాయకచవితినాడు తుమ్మికూర వండుట తెలంగాణమున పెక్కిండ్లలో ఆచారము. ఆ యొక్క దినమున అది ప్రసాదము. మఱునాటినుండి అది కలుపు! ఇప్పుడు పత్తిచేలలో కలుపుమందు చల్లుచున్నారు. కూలిఖర్చు తగ్గినదని రైతు సంతోషించుచున్నాడు. అతని కష్టము నేను కాదనను. కాని ఆ మందుతో కూలిస్త్రీకి పని పోయినది, కూరయు పోయినది. ఈ రెండవ నష్టమును ఏ పద్దులోను ఎవరును వ్రాయలేదు, ఏలయన దానికి ధర యెన్నడును కట్టలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణ స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనతతో బాధపడుచున్నారు. ఆకుకూర యొక్కటే దీనికి మందని నేను చెప్పబోను. కాని ఇంత రక్తహీనత గల దేశమున, ఉచితముగా మొలచు ఆకుకూరను మందుపోసి చంపి, పిమ్మట మాత్రలు పంచుట యెట్టి ఆర్థికశాస్త్రమో పెద్దలు చెప్పవలెను.

ఔషధముల మాట వచ్చినప్పుడు చదువుకొన్నవారు రెండు తెగలుగా చీలుదురు. ఒకరు, ఆకులతో వేళ్లతో చేయునదంతయు మూఢవిశ్వాసమందురు. ఒకరు, పసరన్న ప్రతిదానియందును సంజీవని కలదందురు. ఇరువురును సోమరులే, పరీక్షించు శ్రమ ఇరువురికిని అక్కరలేదు. సర్పగంధ వేరును మన వైద్యులు పురాతనకాలమునుండి వాడుచుండిరి. బొంబాయి వైద్యుడు రుస్తుంజాల్ వకీల్, అధిక రక్తపుపోటుగల రోగులకు దాని నిచ్చి, ఫలితములను లెక్కించి, 1949లో ప్రకటించెను. 1952లో స్విట్జర్లాండు రసాయనజ్ఞులు అందలి రిసర్పిన్ అను సారమును వేరుచేసిరి. అపహసించిన వారివలన గాని, కన్నులు మూసికొని పొగడిన వారివలన గాని ఈ మేలు జరుగలేదు. మఱియొక ప్రక్క, కరోనా దినములలో తిప్పతీగ కషాయమును జనులు నెలల తరబడి త్రాగగా, కొందరికి కాలేయము చెడినదని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించిరి. గన్నేరు, గురివింద, ముష్టి అడవిలో పుట్టినవే, విషములే. ప్రకృతిలో పుట్టినది హాని చేయదను మాట అడవి నెఱుగనివాని మాట. అడవిలో నివసించువా డెన్నడు నట్లనడు.

ఈ సందర్భమున సంస్కృతము చదివిన వారందరును జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి యొకటి కలదు. చరకసంహిత మొదటి యధ్యాయముననే, ఓషధుల నామరూపములను మేకలకాపరులు, గొఱ్ఱెలకాపరులు, గోపాలకులు, వనవాసులు ఎఱుగుదురని ఆచార్యుడు స్పష్టముగా నంగీకరించెను. నామరూపములు తెలిసినంత చాలదనియు, ప్రయోగము తెలిసినవాడే తత్త్వవేత్త యనియు వెంటనే చెప్పెను. అనగా, గ్రంథకర్త తన యప్పును ఒప్పుకొన్నాడు, తన బాధ్యతను గూడ చెప్పుకొన్నాడు. ఆ గ్రంథమును నెత్తికెత్తుకొన్న మనము అప్పును ఎగవేసి, గౌరవమును మాత్రము దాచుకొంటిమి.

ఎగవేత యన్న మాట కోపమున నన్నది కాదు. 2002లో జీవవైవిధ్య శాసనము పుట్టినది. అడవిమొక్కలతో వర్తకము చేయువారు లాభములో కొంత స్థానికులకు పంచవలెనని దాని యుద్దేశము. 2018లో ఒక ఆయుర్వేద కంపెనీ, ఈ నియమము పరదేశీయులకే గాని స్వదేశీయులకు వర్తింపదని వాదింపగా, ఉత్తరాఖండ హైకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. అయిదేండ్లు తిరుగకమున్నే, 2023లో శాసనమును సవరించి, గ్రంథస్థమైన సంప్రదాయజ్ఞానమును వాడువారికిని, నమోదైన ఆయుష్ వైద్యులకును మినహాయింపు నిచ్చిరి. దీని యర్థ మేమి? చెంచు చెప్పినది తాటాకున కెక్కినచో, ఆ మీదట చెంచునకు దానియం దేమియు లేదు. వ్రాసినవాడు హక్కుదారుడు, చెప్పినవాడు పరాయివాడు! చరకాచార్యుడు ఒప్పుకొన్న దానిని చరకుని పేరు చెప్పుకొని బ్రదుకువారు ఒప్పుకొనకపోవుట సిగ్గుచేటు.

మఱియొక మార్గము లేకపోలేదు. కేరళమున 1987లో అగస్త్యకూట పర్వతములకు పోయిన శాస్త్రజ్ఞులకు, దారిచూపుచు వచ్చిన కాణి జాతివారు అలసట తీర్చు ఒక మొక్క కాయలను చూపిరి. ఆ మొక్కనుండి ‘జీవని’ యను మందు తయారైనది. 1995లో దాని తయారీహక్కును ఒక వైద్యశాల కిచ్చినప్పుడు, రుసుములో సగము కాణివారికి చెందునట్లు ఏర్పాటు చేసిరి. ఆ ప్రయత్నమున లోపములు లేకపోలేదు. కాని జ్ఞానమునకు యజమాని కలడని మొదట ఒప్పుకొన్నారు. అంతమాత్రపు మర్యాదకైనను మన చెంచులు అర్హులు కారా?

ఇక హక్కుల సంగతి. 2006 అటవీహక్కుల శాసనము, అడవిలో తరతరములుగా నివసించుచు దానిపై నాధారపడినవారికి ఈ ఫలసాయముపై యాజమాన్యహక్కు కలదని చెప్పినది. ఏరుటకు మాత్రమే గాక అమ్ముకొనుటకును హక్కే. ఏ ప్రదేశమునుండియైనను పులికొఱకు జనులను కదల్పవలసివచ్చినచో, వారి స్వేచ్ఛాపూర్వకమైన అంగీకారము వలయునని గూడ నందే కలదు. శాసనము గొప్పది. కాని తునికాకు వర్తకమును 1971లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శాసనము చేసి తన చేతిలోనికి తీసికొన్నది. నేటికిని కట్ట ధర కచేరీలో నిర్ణయమగును గాని కల్లములో కాదు. యజమాని యనిపించుకొన్నవాడు తన సరకు ధర తాను చెప్పలేకున్నచో, ఆ యాజమాన్యము పెండ్లిలో బొమ్మ కట్టిన బాసికమువంటిది. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ బంక, తేనె, కుంకుడు, చిల్లగింజలను కొని, దళారుల పీడను కొంత తగ్గించినమాట వాస్తవము. కాని కొనువా డొక్కడే యైనచోట, వాడు మంచివాడైనను, అమ్మువాడు స్వతంత్రుడు కాడు.

దీనిపై రెండు ఆక్షేపణలు వినబడును. హక్కులిచ్చినచో అడవిని ఊడ్చివేయుదురని మొదటిది. నన్నారి షర్బతు కొఱకు మారేడుగడ్డలను వేరుతో త్రవ్వివేయుచున్నారనియు, తపసిచెట్లను లోతుగా గంట్లు పెట్టి చంపుచున్నారనియు ఉదాహరింతురు. అట్లు జరుగుట నిజమే. కాని రేపు ఈ చెట్టు నాదగునో కాదో తెలియనివాడే నేడు దానిని పిండుకొనును. కౌలుకాలము తీరబోవు రైతు పొలమునకు పెంట తోలునా? మనకు పొరుగున గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖా గ్రామమునకు 2009లో సామూహిక అటవీహక్కు పత్రము దొరికినది. 2011లో తమ వెదురును తామే యమ్ముకొను అధికారమును గ్రామసభ సంపాదించినది. ఏ యేట నెంత కొట్టవలెనో వారే కూడి నిర్ణయించుకొనిరి. కాపాడు బాధ్యత కావలెనన్నచో అనుభవించు హక్కు ముందు ఉండవలెను.

రెండవ ఆక్షేపణ మనవంటి సంస్కారప్రియులనుండియే వచ్చును. “ఎంతకాలము వారు ఆకులేరుచు గడ్డలు త్రవ్వుచు నుండవలెను? చదువుకొని ఉద్యోగములు చేయవలదా?” అందురు. చేయవలెను, నిస్సంశయముగా చేయవలెను. చెంచుబిడ్డ వైద్యుడును, న్యాయవాదియు, అటవీశాఖాధికారియు కావలెను. కాని భూస్వామి కుమారుడు పట్టణమునకు పోయి ఉద్యోగము చేయునప్పుడు, నీకు చదువు వచ్చినది గదా, పట్టా నిచ్చివేయుమని ఎవరైన నడుగుచున్నారా? చదువునకు ఆస్తిని వెలగా పెట్టుట పేదవాని విషయమున మాత్రమే మనకు తోచుచున్నది. 2019లో నల్లమలలో యురేనియము త్రవ్వుదురన్న వార్త పుట్టగానే పట్టణములు మేల్కొన్నవి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేకముగా తీర్మానము చేసినది. మంచిపని. అడవి నిలువవలెనని అంత గట్టిగా కోరినవారు, ఆ యడవిలోని మనిషి బంకకు ఏ ధర వచ్చుచున్నదని ఒక్కనాడైన నడిగియుండిరా?

చదువరులారా, మీ చేతిలో నున్న పనులు కొన్ని కలవు. రహదారి ప్రక్కన తట్టతో కూర్చున్న ఆమెతో బేరమాడకుడు. వేరును, చూర్ణమును పెట్టెలో పెట్టి యమ్మువానిని, ఇది యెవరు తెచ్చిరి, వారికేమి యిచ్చితివని అడుగుడు. మీ పొలమున్నచో, గట్ల వెంబడినైన కలుపుమందు చల్లనీయకుడు. కూర కోసికొన వచ్చిన స్త్రీని కసరకుడు. జీవవైవిధ్య శాసనము ప్రకారము ప్రతి గ్రామమునకును ప్రజల జీవవైవిధ్య పట్టిక యొకటి యుండవలెను. మీ పంచాయతీకి పోయి, దానిని చూపుమనుడు. ఉన్నచో, అందు కూలిస్త్రీ యెఱిగిన ఆకుల పేర్లు, చెప్పినవారి పేర్లతోసహా, చేరినవో లేవో పరీక్షింపుడు. బడిలో మేము బిడ్డలకు ఎన్నడును చూడని చెట్ల పేర్లను ఇంగ్లీషులో వల్లె వేయించుచున్నాము. గుట్టమీది చెట్టును చూపి పేరు చెప్పగల ముసలమ్మను నెలకొక్కసారి తరగతికి పిలిచి కుర్చీ వేయుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు.

పిమ్మట ప్రభుత్వము చేయవలసినది చెప్పుదము. ధర నిర్ణయించుచోట ఏరువారు కూర్చుండవలెను. గ్రామసభ యొప్పుకొననిదే వేలము జరుగరాదు. గ్రంథమున కెక్కిన జ్ఞానమునకును చెప్పినవారికి పాలు దక్కునట్లు 2023 సవరణను దిద్దవలెను. వీనితోపాటు, ఖర్చులేని పని యొకటి కలదు: ఆ ‘చిన్నతరహా’ యను శీర్షికను కొట్టివేసి, దానికి ‘అడవిపంట’ యని పేరు పెట్టవలెను. పంట యన్నచో పండించువాడు గుర్తుకు వచ్చును, వానికి గిట్టుబాటు ధర గుర్తుకు వచ్చును, కరవువచ్చినప్పుడు పరిహారము గుర్తుకు వచ్చును. ఆ మూడును గుర్తుకు రాకుండుటకే గదా ఇంతకాలము ఆ మాటను వాడుచు వచ్చితిమి!